పోపు వేయకముందే కుక్క వాటా తీయండి

(జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులను గుర్తుచేసే ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా జూలై 6న శ్రీకాకుళంలో ఉచిత రేబిస్ టీకాల శిబిరానికి కుక్కలతో వచ్చినవారిని ఉద్దేశించి ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం. మధ్యలో శ్రోతలు అడిగిన ప్రశ్నలను కూడా చేర్చాం.)

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. గొలుసులు గట్టిగా పట్టుకోండి. పెద్ద కుక్కలతో వచ్చినవారు కాస్త నీడ వైపు జరగండి. ఆ మూల తొట్టిలో నీళ్ళు పెట్టించాం, దాహంగా ఉన్నవాటికి తాగించండి.

1885లో ఇదే రోజున, జూలై 6న, లూయీ పాశ్చర్ తయారుచేసిన రేబిస్ టీకాను జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి వేశారు. ఆ బాలుడు బతికాడు. అందుకే ఈ రోజుకు ఇంత విలువ. టీకా ఎందుకు వేయించాలో మీకు తెలుసు కనుకనే ఎండలో వరుసకట్టి నిలబడ్డారు. దాని గురించి మళ్ళీ చెప్పి మీ సమయం తీసుకోను. పొద్దున్న నుంచి మీలో చాలామంది నన్ను అడిగినది తిండి గురించి. పెరుగన్నం పెట్టవచ్చా, చేప తల పెట్టవచ్చా, మామిడిపండు తింటోంది ఏమైనా అవుతుందా అని. ఆస్పత్రిలో పది కుక్కలు బయట మొరుగుతుంటే ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఈ రోజు దీని గురించే మాట్లాడతాను.

మన ఊళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. పెద్దవాళ్ళు, “మా తాతల కాలం నుంచి మిగిలిన కూడు వేస్తున్నాం, ఏ కుక్కకూ ఏమీ కాలేదు” అంటారు. ఫోనులో చదువుకున్న పిల్లలు, “మనం తినేది ఏదీ పెట్టకూడదు, సంచిలో అమ్మే తిండి తప్ప అంతా విషమే” అంటారు. నేను రెండు మాటలకూ ఒప్పుకోను. అన్నం విషం కాదు, పప్పు విషం కాదు, కోడిమాంసం విషం కాదు. మన వంటలో కుక్కకు ప్రమాదమైనవి ఎక్కువగా పోపు దగ్గర, పులుసు దగ్గర, మసాలా దగ్గర చేరతాయి. ఉడికిన పప్పుకూ, పోపు పెట్టిన పప్పుకూ మధ్య తేడా మనకు రుచిలోనే కనిపిస్తుంది. కుక్క ఒంట్లో అది రక్తంలోనూ మూత్రపిండాల్లోనూ కనిపిస్తుంది.

ముందు అన్నం సంగతి తేలుద్దాం. కుక్క మాంసాహారి, దానికి అన్నం అరగదు అని కొందరు గట్టిగా చెబుతారు. 2013లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తోడేళ్ళ జన్యువులను, పెంపుడు కుక్కల జన్యువులను పోల్చి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే రసాన్ని తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై ప్రతుల దాకా ఉన్నట్టు తేలింది. మనిషి పంటలు పండించడం మొదలుపెట్టాక మన గింజలు తిని మన గడపలో బతకడానికి కుక్క శరీరమే మారింది. కనుక మెత్తగా ఉడికిన అన్నం దానికి చక్కగా అరుగుతుంది. విరేచనాలు పట్టుకున్న కుక్కకు మేము మొదట రాసేది కూడా మెత్తటి అన్నం, చర్మం తీసి ఉడికించిన కోడిమాంసమే.

అయితే అన్నం అరుగుతుందంటే అన్నం ఒక్కటే సరిపోతుందని కాదు. ముఖ్యంగా కుక్కపిల్లలకు. మూడు నెలల పిల్లను తెచ్చుకుని పాలన్నం, పెరుగన్నం మాత్రమే పెడితే, లేదా ప్రేమకొద్దీ ఎముక లేని మాంసం మాత్రమే పెడితే, నాలుగైదు నెలలకు ముందు కాళ్ళు విల్లులా వంగిపోయి వస్తాయి. కొన్ని నిలబడలేవు, ఎత్తుకుంటే అరుస్తాయి. తిండిలో కాల్షియం తక్కువై, భాస్వరం ఎక్కువైతే శరీరం తన అవసరానికి ఎముకల్లో ఉన్న కాల్షియాన్నే లాగేసుకుంటుంది. ఎముక గుల్లబారుతుంది. మన వైపు చోడి, అంటే రాగి, అంబలి పోసి పెంచేవారు ఉన్నారు. మంచి పనే. చోళ్ళలో మిగతా ధాన్యాలకంటే కాల్షియం చాలా ఎక్కువ. కానీ అందులోని ఫైటేట్లు అనే పదార్థాలు ఆ కాల్షియాన్ని పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. పెద్ద కుక్కకు అంబలి మంచిదే, ఎదిగే పిల్లకు అదొక్కటే చాలదు. ఇంట్లోనే వండి పెట్టాలనుకునేవారు పిల్లను తూకం వేయించి, కాల్షియం ఎంత కలపాలో అడిగి రాయించుకోండి. దుకాణంలో కొని తోచినంత పోయకండి, పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముకలు చెడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఉల్లిపాయ.

మన వంటింట్లో కుక్కకు నిత్యం ఎదురయ్యే ప్రమాదం ఇదే, మనం అసలు పట్టించుకోనిదీ ఇదే. ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు అన్నీ ఒకే కుటుంబం. వాటిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తాయి. పాడైన కణాలను శరీరమే చీల్చి పారేస్తుంది. మన రక్తకణాలు ఆ దెబ్బను తట్టుకుంటాయి, కుక్కవి తట్టుకోలేవు. ఒకేసారి తన బరువులో అర శాతం ఉల్లి తింటే కుక్కకు విషలక్షణాలు వస్తాయని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. పది కిలోల నాటుకుక్కకు అది 50 గ్రాములు. ఒక పెద్ద ఉల్లిపాయలో సగం. అయిదు కిలోల పొమేరియన్‌కు 25 గ్రాములే. మనం ఆదివారం కోడికూరకు ఎన్ని ఉల్లిపాయలు తరుగుతామో మీకు తెలుసు. ముక్కలు కనబడకపోవచ్చు, అన్నీ గుజ్జులో కరిగి ఉంటాయి. వండితే విరిగిపోతుందనుకోవద్దు. వేయించినా, ఉడికించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. పొడిలో నీరు ఉండదు కనుక కాస్తంత పొడిలోనే చాలా ఉల్లి ఉన్నట్టు. చిప్స్ పొట్లం అడుగున మిగిలిన మసాలాను కుక్కచేత నాకించే పిల్లలు ఇక్కడ ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఈ రోజు తింటే ఈ రోజే తెలియదు. మూడు నాలుగు రోజులకు కుక్క నీరసపడుతుంది, చిగుళ్ళు తెల్లబడతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. అప్పటికి ఆదివారం కూర ఎవరికీ గుర్తుండదు. “డాక్టరమ్మా, ఏమీ తినలేదు, ఉన్నట్టుండి పడిపోయింది” అంటారు. రోజూ కొంచెం కొంచెం పెట్టినా నష్టం పేరుకుంటుంది. ఏమీ కాలేదు అని మన పెద్దలు అన్నది ఇలాంటి వాటినే. మూడేళ్ళకే వాకిట్లో నీరసంగా పడుకుని పోయిన కుక్కను చూసి, దాని ఆయుష్షు అంతే అనుకున్నాం. ఎవరూ రక్తం పరీక్ష చేయించలేదు.

వెల్లుల్లి గ్రాముకు గ్రాము లెక్కన ఉల్లికంటే మూడు నుంచి అయిదు రెట్లు ఘాటైనది. పిడుదులు పోతాయని, కడుపులో పురుగులు పడిపోతాయని వెల్లుల్లి నూరి బెల్లంలో పెట్టి మింగించేవారు ఉన్నారు. దయచేసి మానండి. పిడుదులకు, పురుగులకు మందులు మా ఆస్పత్రిలోనే ఉన్నాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, ఈ విషయంలో పిల్లి రక్తం కుక్క రక్తంకంటే సున్నితం.

రెండోది పులుపు. ఇది కొత్తగా తెలిసిన సంగతి, మనకు చాలా దగ్గరి సంగతి.

ద్రాక్షపళ్ళు, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు పాడవుతున్నాయని ఇరవై ఏళ్ళకు పైగా పశువైద్యులకు తెలుసు. కారణం మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. ఒక కుక్క గుత్తి తిని హాయిగా తిరుగుతుంది, మరొకటి గుప్పెడు తిని పడిపోతుంది. పురుగుమందులా, బూజా అని అన్నీ వెతికారు. 2021లో అమెరికాలోని జంతు విష నియంత్రణ కేంద్రం వైద్యులకు ఒక ఆధారం దొరికింది. పిల్లలు ఆడుకునే పిండిముద్దను ఇంట్లో తయారుచేస్తే, అది తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పొడి కలుపుతారు. అది టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలో ఉండే పులుపు కూడా అదే. పండు రకాన్ని బట్టి, పక్వాన్ని బట్టి ఆ ఆమ్లం ఎక్కువ తక్కువలు అవుతుంది కనుకనే అన్ని కుక్కలకూ ఒకేలా జరగడం లేదని వారు వివరించారు. ఆ తరవాత చింతపండు తిన్న కుక్కల్లోనూ ఇదే రకం మూత్రపిండాల దెబ్బ చూసి, దాన్ని వైద్యపత్రికలో ప్రకటించారు.

అవునండీ, మన చింతపండే. చింతపండు పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లమే. అమెరికాలో చింతపండు ఎప్పుడో ఒకసారి ఇంట్లోకి వస్తుంది. మనకు చారు, పులుసు, పులిహోర, బెల్లం పులుసు, చేపల పులుసు, అన్నింటిలోనూ అదే. ఒక్క మెతుకుకు అంటిన చారుతో కుక్క చచ్చిపోతుందని నేను భయపెట్టడం లేదు. కానీ ఇంత వరకు పరవాలేదు అనే సురక్షిత మోతాదు ఎవరూ తేల్చలేదు. తేలనప్పుడు రోజూ చారు కలిపి పెట్టడానికి మనకు కారణమే లేదు. చారన్నం మనకు రుచి. దానికి చారు లేని అన్నమైనా ఒకటే. నానబెట్టిన చింతపండు పిసికి, ఆ పిప్పిని పెరట్లో పారేస్తే కుక్క తీపి పులుపు కలిసిన వాసనకు వెళ్ళి తినేస్తుంది. కొత్త చింతపండు గింజ తీసి ఎండబెట్టే రోజుల్లో చాపల దగ్గర కుక్కను వదలకండి.

మూత్రపిండాల జబ్బు ఎలా ఉంటుందో మన జిల్లావారికి ఎవరూ వివరించనక్కరలేదు. ఆ జబ్బు ఎందరినో పట్టిన ఉద్దానం మన దగ్గరే ఉంది. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ అనే మాట ఇక్కడ బడికి వెళ్ళనివారికి కూడా తెలుసు. ఆ జబ్బుకూ దీనికీ కారణంలో సంబంధం లేదు, కానీ మూత్రపిండం ఆగిపోతే ఏమవుతుందో మీరు ఇళ్ళలో చూశారు. కుక్కలో ఇది తిన్న కొన్ని గంటల్లో వాంతులతో మొదలవుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రం తగ్గిపోతుంది. మనిషికైతే డయాలసిస్ కేంద్రాలు ఉన్నాయి. కుక్కకు డయాలసిస్ కావాలంటే పెద్ద నగరాలకు పరుగెత్తాలి. తిన్న వెంటనే తీసుకువస్తే వాంతి చేయించి, సెలైన్ ఎక్కించి కాపాడుకోవచ్చు. చక్కెరపొంగలిలో, పాయసంలో, కేసరిలో వేసే కిస్మిస్ కూడా ఎండుద్రాక్షే. నీరు పోయి చిక్కబడ్డ ద్రాక్ష. ప్రసాదమే కదా అని దోసిలితో పెట్టకండి.

(ఒక శ్రోత: అమ్మా, పలాస జీడిపప్పు?)

అడుగుతారని తెలుసు. ఉప్పు, కారం లేని పచ్చి జీడిపప్పు ఒకటీ రెండూ పెడితే విషం కాదు. కాకపోతే అందులో దాదాపు సగం కొవ్వు. గుప్పెడు పెడితే కడుపు చెడుతుంది. నాకు భయం పప్పుతో కాదు, పిక్కతో. జీడి పిక్కల పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుందని పలాస, కాశీబుగ్గల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది. తోటల్లో రాలిన పచ్చి పిక్కను కుక్క నమిలితే నోరు, నాలుక పుండ్లవుతాయి. జీడితోట ఉన్నవారు పిక్కలు ఏరే రోజుల్లో దాన్ని ఇంటి దగ్గరే కట్టేయండి.

ఉద్దానంలో దొరికే మిగతావీ చెప్పేస్తాను. పచ్చి కొబ్బరి చిన్న ముక్క పరవాలేదు, చిప్ప కొరకనివ్వకండి. పనసతొన చిన్న ముక్క పెట్టవచ్చు, పనస పిక్క మాత్రం మింగితే పేగులో అడ్డం పడుతుంది. మామిడిపండు రసం, ముక్క పరవాలేదు. టెంక చాలా చెడ్డది. తీపి కోసం చీకుతూ చీకుతూ మింగేస్తాయి. మింగిన టెంక పేగులో ఇరుక్కుంటే కోత పెట్టి తీయడం తప్ప మార్గం లేదు. అరటిపండు, గింజలు తీసిన పుచ్చకాయ, బొప్పాయి, ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్, బీన్స్ పెట్టుకోవచ్చు.

(మరో శ్రోత: ఎముకలు లేకుండా కుక్క ఎలా బతుకుతుందండీ?)

బాగా బతుకుతుందండీ. వండిన ఎముక, ముఖ్యంగా కోడి ఎముక, పెళుసుబారి నిలువునా చీలుతుంది. ఆ చీలిక మొన గొంతులో, పొట్టలో, పేగులో గుచ్చుకుంటుంది. గుచ్చుకోకపోతే, నమిలి మింగిన ఎముకల పొడి పెద్దపేగులో సున్నపుగడ్డలా బిగుసుకుంటుంది. సోమవారం పొద్దున్న ముక్కుతూ మూలుగుతూ వచ్చే కుక్కల్లో చాలావాటి కడుపులో ముందు రోజు మాంసం విందు ఉంటుంది. మత్తిచ్చి గంటలకొద్దీ తీయవలసి వస్తుంది. గుండ్రటి ఎముక అంగిట్లో అడ్డంగా ఇరుక్కుని, రెండు రోజులుగా నోరు మూయలేక చొంగ కారుస్తుంటే, రేబిస్ వచ్చిందని భయపడి ఎవరూ దగ్గరకు వెళ్ళని కుక్కలనూ చూశాం. అలా చొంగ కారుతుంటే మీరు నోట్లో చెయ్యి పెట్టకండి, అది ఎముకో రేబిసో మేము చూసి తేలుస్తాం. చేపైతే ఉడికించి, ముళ్ళు తీసి, చేత్తో నలిపి చూసి పెట్టండి. తలలో కూడా ముళ్ళు ఉంటాయి. భావనపాడు, కళింగపట్నం వైపు నుంచి వచ్చినవారు ఎండుచేపల గురించి అడిగారు. అందులో ఉప్పు చాలా ఎక్కువ. తినేసి నీళ్ళు దొరకకపోతే ఒంట్లో ఉప్పు పెరిగి మెదడుకు దెబ్బ తగులుతుంది, వణుకు, ఫిట్లు వస్తాయి. ఆవకాయ, ఊరగాయ, అప్పడం కూడా ఇదే లెక్క.

పండగలప్పుడు ఇంకో జబ్బు వస్తుంది. అరిసెలు, గారెలు, కోడి చర్మం, వేపుడు అడుగున మిగిలిన నూనె, అన్నీ ఒక్క రోజున కుక్క గిన్నెలోకి చేరతాయి. ఒకేసారి అంత కొవ్వు పడితే క్లోమగ్రంథి వాస్తుంది. కుక్క ముందుకాళ్ళు నేలకు చాచి, వెనక భాగం పైకెత్తి నిలబడుతుంది. కడుపు ముట్టనివ్వదు. ఇది ప్రాణం తీసే జబ్బు, బతికినా మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. లావుగా ఉన్న లాబ్రడార్లకు, పొమేరియన్లకు ముప్పు ఎక్కువ. పండగ రోజున దానికి ప్రత్యేకంగా ఏదైనా పెట్టాలనిపిస్తే ఒక ఉడికించిన గుడ్డు పెట్టండి. అది సంతోషిస్తుంది.

చాక్లెట్ సంగతి పిల్లలకు మా కంటే బాగా తెలుసు. అందులోని థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్క ఒంట్లోంచి త్వరగా పోదు. సగం పోవడానికే సుమారు 17 గంటలు పడుతుంది. కుక్క బరువులో ఒక్కో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, కుదురులేకపోవడం మొదలవుతాయి. 40 దాటితే గుండె లయ తప్పుతుంది, 60కి ఫిట్లు రావచ్చు. పాల చాక్లెట్ గ్రాములో సుమారు రెండు మిల్లీగ్రాములు ఉంటుంది. నల్ల చాక్లెట్‌లో దానికి రెండు మూడు రెట్లు, కేకుల్లో కలిపే కోకో పొడిలో అంతకంటే చాలా ఎక్కువ. టీపొడి, కాఫీపొడి కూడా ఈ వర్గంలోవే. వడగట్టిన టీపిప్పిని మొక్కలకు వేసేవారు కుక్క అందుకోకుండా మట్టిలో కప్పండి.

చాక్లెట్ కంటే నేను ఎక్కువ భయపడేది జైలిటాల్‌కు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని రకాల మధుమేహుల మిఠాయిల్లో, టూత్‌పేస్టుల్లో వాడే తీపి పదార్థం. మనకు హాని లేదు. కుక్క ఒంట్లో ఇది ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపడవచ్చు. కిలో బరువుకు 0.1 గ్రాము దాటితే చాలు. 0.5 గ్రాము దాటితే కాలేయం కూడా దెబ్బతింటుంది. పొట్లం మీద ఆ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొన్నింటి మీద పేరు బదులు ఐఎన్‌ఎస్ 967 అని ఉంటుంది. మీ ఇంట్లో చక్కెర జబ్బు ఉన్న పెద్దవారి కోసం ఏదైనా కొంటే ఆ అంకె కోసం చూడండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. కుక్కకే కదా అని బూజు పట్టిన రొట్టె, ముక్కిపోయిన నూకలు, పుచ్చిన వేరుశనగ గింజలు వేసే అలవాటు ఉంది. వేరుశనగ మీద, మొక్కజొన్న మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. వండినా అది పూర్తిగా పోదు. దానికి కుక్క కాలేయం చాలా సున్నితం. కామెర్లు పట్టి, వాంతిలో రక్తం పడి పోతాయి. మనం తినడానికి పనికిరాని గింజ దానికీ పనికిరాదు. మన ఇంటిని కాపలా కాసే ప్రాణికి చెత్తకుప్పకు వేయవలసింది వేయడం నాకు బాధగా ఉంటుంది. ఆ బాధ మీకు కూడా కలగాలని కోరుకుంటున్నాను.

(ఒక గృహిణి: అమ్మా, కుక్కకు వేరే వంట చేయడం మా వల్ల అవుతుందా?)

అవసరం లేదమ్మా. మీరు రోజూ వండేదే. కూలిపని నుంచి వచ్చి పొయ్యి వెలిగించే ఇంట్లో రెండో వంట చేయమని నేను చెప్పను. పప్పు ఉడికాక ఉప్పు, పోపు పడకముందు ఒక గరిటె తీసి పక్కన పెట్టండి. కోడిమాంసం కడిగాక, ఉల్లీ మసాలా పడకముందు నాలుగు మెత్తటి ముక్కలు ఉడికించి తీయండి. అన్నం ఎలాగూ ఉంటుంది. మూడూ కలిపితే దాని భోజనం అయిపోయింది. పైసా ఖర్చు పెరగదు. మాంసం లేని రోజున గుడ్డు పెట్టండి. అదీ లేని రోజున పెరుగన్నం పెట్టండి, ఉప్పు లేకుండా. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు పడవు, విరేచనాలు అవుతాయి. పెరుగులో పాల చక్కెర తగ్గుతుంది కనుక అదే మేలు. సంచిలో తిండి పెట్టేవారు ఇంటి తిండిని రోజు మొత్తంలో పదో వంతుకు మించనివ్వకండి.

వీధికుక్కలకు పెట్టేవారు కూడా ఉన్నారు, మీకు ప్రత్యేకంగా దండం. పెళ్ళిళ్ళలో, సంతర్పణల్లో మిగిలిన పులిహోర, బిరియానీ, ఎముకలు అన్నీ ఒక కుప్పగా పోయకండి. వంటవాళ్ళతో ముందే మాట్లాడి, తెల్లన్నం ఒక బేసిన్‌లో విడిగా తీయించండి. విస్తళ్ళను మూతున్న గుంతలో వేయించండి. పక్కన నీళ్ళు పెట్టండి.

ఇప్పుడు, తినకూడనిది తిన్నదని తెలిస్తే ఏం చేయాలి? ఉప్పునీళ్ళు తాగించకండి. వాంతి అవుతుందని మన ఇళ్ళలో అందరూ చేసే మొదటి పని ఇదే. తిన్న విషానికంటే ముందు ఉప్పే చంపగలదు. నూనె, పాలు, గుడ్డుసొన గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు అసలే వేయకండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, దాని బరువు ఎంత అనే నాలుగు సంగతులు చెప్పండి. పొట్లం మిగిలి ఉంటే తెండి. వాంతి చేసుకుంటే కొంచెం కవరులో తెండి, సిగ్గుపడకండి. సుమారు రెండు గంటల్లోపు వస్తే మేము మందుతో వాంతి చేయించగలం, ఆ తరవాత లోపలికి పోయినదాన్ని తీయడం కష్టం. రాత్రి అయినా, ఊరు దూరమైనా ముందు ఫోను చేయండి. ప్రభుత్వ సంచార పశువైద్య సేవలకు 1962 నంబరు ఉంది. ఇంట్లో ఒక పరీక్ష నేర్చుకోండి. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్ళు తెల్లగా, పసుపుగా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. నల్ల చిగుళ్ళ కుక్కలకు కింది కనురెప్ప లోపల చూడండి.

ఇక ఒక్క ప్రశ్న తీసుకుంటాను, టీకాలు మొదలుపెట్టాలి. ఆ వెనక బాబు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నాడు.

(ఒక బాలుడు: మా లాబ్రడార్ నిన్న సాయంత్రం నా చాక్లెట్ కాగితంతో సహా తినేసింది మేడం. అమ్మకు చెప్పలేదు.)

ఇక్కడ చెప్పి మంచి పని చేశావు నాన్నా. ఏ చాక్లెట్? పాల చాక్లెట్, చిన్నది అంటున్నావు. ఇరవై గ్రాములు అనుకుందాం. అందులో సుమారు 40 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ ఉంటుంది. మీ కుక్క చూస్తే పాతిక కిలోలకు తక్కువ లేదు. కిలోకు రెండు మిల్లీగ్రాములు కూడా కాదు, ఇరవైకి చాలా దూరం. నిన్న సాయంత్రం నుంచి వాంతులు లేవు, తోక కూడా ఆడిస్తోంది. చాక్లెట్ గురించి భయం లేదు. కాగితం సంగతి చూడాలి. రెండు రోజులు అది మలంలో పడిందా లేదా గమనించు. తిండి మానేసినా, వాంతులు మొదలైనా, ముక్కుతున్నా అమ్మను తీసుకుని వెంటనే రా. ఇప్పుడు దాన్ని అక్కడున్న తూకం మీద ఎక్కించి, బరువు చీటీ మీద రాయించుకుని ఎడమవైపు వరుసలోకి వెళ్ళు, టీకా వేస్తాను.